మధ్యలో ఆపినా మిగిలే ఇంగ్లీషు



మూడేళ్ల కిందటి సంగతి. కోలారు బంగారు గనుల ఊరు కె.జి.ఎఫ్.లో, రాబర్ట్‌సన్‌పేటలో ఒక మిత్రుడి ఇంటి వరండా ఉంది. ఆదివారం పొద్దున పూట అక్కడ కూర్చుని కొంతమందికి ఇంగ్లీషు చెబుతుంటాను. రిటైరయ్యాక పట్టుకున్న అలవాటు. వచ్చేవాళ్లెవరూ బడికి పోయే పిల్లలు కారు. ఆరులోనో ఎనిమిదిలోనో బడి మానేసి, పనుల్లో పడి, మళ్లీ దూరవిద్యలో పేరు రాయించుకున్నవాళ్లు. ఆ ఆదివారం ఒక అమ్మాయి వచ్చింది. పంతొమ్మిదేళ్లుంటాయి. నరసాపురం పారిశ్రామిక వాడలో పని. కంపెనీ బస్సులో పోతుంది, కంపెనీ బస్సులో వస్తుంది. సంచిలోంచి పుస్తకాల కట్ట తీసి బెంచీ మీద పెట్టింది. కట్టకున్న దారం ఇంకా విప్పనే లేదు.

"సార్, ఈ ఇంగ్లీషు పుస్తకం లావుగా ఉండాది. యాడ నుంచి మొదలుపెట్టాల?" అంది.

"మొదటి పేజీ నుంచి. ఇంకెక్కణ్ణుంచమ్మా!" అన్నాను.

ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో పాఠం చెప్పినవాడి నోట ఆలోచించకుండా వచ్చే జవాబు అదే. ఆ అమ్మాయి నెలన్నర వచ్చింది. తర్వాత షిఫ్టు మారింది, ఆదివారాలు ఓవర్‌టైం పడింది, రావడం ఆగిపోయింది. ఐదారు నెలలకు బజారులో కనబడితే పలకరించాను. "ఏమ్మా, నేర్చుకున్నదాంట్లో ఏదైనా అక్కరకొచ్చిందా?" ఆమె కాసేపు ఆలోచించి, మొహమాటంగా నవ్వి, "ఒక పద్యం గుర్తుండాది సార్, బట్టలు నేసేవాళ్లది" అంది.

ఆరు ఆదివారాలకు మిగిలింది అది. ఇంటికొచ్చి చాలాసేపు లెక్క వేసుకున్నాను. ఆమె మధ్యలో ఆపేయడం తప్పు కాదు, అలాంటివాళ్లు ఆపుతారు. మధ్యలో ఆగవచ్చని తెలిసి కూడా, చివరిదాకా చదివితేనే ఫలం అందే వరసలో పాఠాలు పేర్చడం నా తప్పు. ఇవాళ నేను చెప్పబోయేది ఆ పేర్పు గురించే.

ముందు ఈ చదువు ఏమిటో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. కేంద్ర ప్రభుత్వానికి జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ అని ఒకటుంది. అందరూ ఎన్.ఐ.ఒ.ఎస్. అంటారు. 1979లో సి.బి.ఎస్.ఇ. కింద ఒక చిన్న ప్రయోగంగా మొదలై, 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా విడిపడి, 2002లో ఇప్పటి పేరు తెచ్చుకుంది. ఇందులో పదో తరగతికి సమానమైన సెకండరీ ఉంది. దానికి కింద ఎ, బి, సి అని మూడు స్థాయిలున్నాయి. ఎ అంటే మూడో తరగతి, బి అంటే ఐదు, సి అంటే ఎనిమిది. పాత మైసూరు రాష్ట్రంలో లోయర్ సెకండరీ అని ఒక పరీక్ష ఉండేది, మా పెద్దవాళ్లు ఎల్.ఎస్. పాసయ్యామని గొప్పగా చెప్పుకునేవారు. ఈ సి స్థాయి ఇంచుమించు ఆ మెట్టే.

ఇక్కడే మొదటి చిక్కు. సెకండరీలో చేరాలంటే పద్నాలుగేళ్లు నిండాలి. ఎనిమిది పాసైన కాగితం లేకపోయినా, చదవగలనని తానే రాసిచ్చుకుంటే చాలు. మంచి నిబంధనే, ఎంతోమందికి తలుపు తెరిచింది. కానీ ఆరో తరగతిలో పలక కింద పెట్టినవాడు పదేళ్ల తర్వాత ఆ తలుపులోంచి నేరుగా పదో తరగతి ఇంగ్లీషులోకి దూకుతాడు. నీళ్లెంత లోతో చూసుకోడు. అలాంటివాళ్లకు నేనిప్పుడు చెప్పేదొక్కటే: పేరు సెకండరీలోనే ఉండనీ, పరీక్షా దానికే కట్టు, ఇంట్లో మాత్రం ముందు సి స్థాయి ఇంగ్లీషు పుస్తకం చదువు. దానికి పరీక్ష రాయనక్కర్లేదు, ఎవరికీ చెప్పనక్కర్లేదు. మీసాలొచ్చినవాడికి ఎనిమిదో తరగతి పుస్తకం పట్టుకోవడం నామోషీగా ఉంటే, అట్ట వేసుకుంటే సరిపోతుంది.

రెండో చిక్కు, అసలు ఇంగ్లీషు తీసుకోవాలా వద్దా అన్నది. ఎన్.ఐ.ఒ.ఎస్. సెకండరీలో ఐదు సబ్జెక్టులు గట్టెక్కితే సర్టిఫికెట్టు. అందులో ఒక భాష ఉంటే చాలు. అది ఇంగ్లీషే కానక్కర్లేదు, కన్నడం కావచ్చు, తెలుగు కావచ్చు. మన కర్ణాటకలో ఎస్.ఎస్.ఎల్.సి.కి ప్రైవేటుగా కట్టేవాడికి ఈ వెసులుబాటు లేదు, అక్కడ మూడు భాషలూ మోయాలి. అందుకని ఇంగ్లీషంటే వణుకున్నవాళ్లు దాన్ని వదిలేసి ఇటు వస్తారు. వాళ్లను నేను తప్పుపట్టను. అయితే ఈ పద్ధతిలో ఇంకో సుఖం ఉంది. ఐదేళ్లలో తొమ్మిది అవకాశాలు. ఒకసారి గెలిచిన సబ్జెక్టు మార్కులు ఎక్కడికీ పోవు. మిగతావి ముందు ముగించుకుని ఇంగ్లీషును చివరికి పెట్టుకోవచ్చు. వదిలేయడం కంటే వాయిదా వేయడం మేలని నా అభిప్రాయం. పాసవడానికి నూటికి ముప్ఫై మూడు. అది కొండేమీ కాదు.

సరే, తీసుకున్నారు. ఇప్పుడు ఏ పాఠం ముందు, ఏ పాఠం వెనక?

నాకు ఈ విషయంలో కళ్లు తెరిపించినవాడు వందేళ్ల కిందటి ఒక ఇంగ్లీషాయన. మైకేల్ వెస్ట్ అని, ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నడిపాడు. 1926లో బెంగాలు పిల్లల ఇంగ్లీషు చదువు మీద ఒక పెద్ద పుస్తకం రాశాడు. ఆయన గమనించింది చాలా మామూలు విషయం. బడిలో చేరినవాళ్లలో ఎక్కువమంది చివరి తరగతిదాకా రారు. కానీ పాఠాలు మాత్రం చివరిదాకా వచ్చేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాసి ఉంటాయి. మరి రెండేళ్లకో మూడేళ్లకో మానేసినవాడి చేతిలో ఏముంటుంది? దీనికి ఆయన వాడిన మాట సరెండర్ వాల్యూ.

మీలో ఎల్.ఐ.సి. పాలసీ కట్టేవాళ్లకు ఈ మాట వివరించనక్కర్లేదు. మధ్యలో పాలసీ వదులుకుంటే చేతికొచ్చే సొమ్ము అది. మొదటి ఏడాదిలోనే ఆపేస్తే చేతికి దాదాపు సున్నా. నేను ఆ అమ్మాయికి అమ్మింది అలాంటి పాలసీనే. వెస్ట్ అడిగేది ఏమిటంటే, ఏ రోజు ఆపేసినా ఆ రోజుకు కట్టినదానికి సరిపడా ఏదో ఒకటి చేతిలో పడేలా పాఠాలు పేర్చలేమా అని. ఆయన జవాబు, మాట్లాడటం కంటే ముందు చదవడం నేర్పండి అని. దాంతో అన్నిచోట్లా నేను ఏకీభవించను. ఆయన ప్రశ్న మాత్రం ఎన్నిసార్లు తిప్పి చూసినా ఇంకా పదునుగానే ఉంది.

కిందటేడు ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. ఈసారి నేను పుస్తకం తెరవలేదు. "నీ చేతికి ఇంగ్లీషులో వచ్చే కాగితాలు ఏవుంటే అవి పట్టుకురా" అన్నాను. తర్వాతి ఆదివారం జీతం చీటీ తెచ్చింది. నాలుగు మడతలు పడి, మడతల దగ్గర చిరుగు పట్టి ఉంది. ఎడమవైపు వచ్చినవి, కుడివైపు కోసినవి. బేసిక్ తెలుసు ఆమెకు. పి.ఎఫ్. తెలుసు, ఈ.ఎస్.ఐ. తెలుసు. ఒక గడిలో ఎల్.ఓ.పి. అని, పక్కన రెండు అంకె.

"ఇదేంటమ్మా?"

"అది గూడా ఏదో ఇన్సూరెన్సు అనుకుంటా సార్."

ఎల్.ఓ.పి. అంటే లాస్ ఆఫ్ పే. పనికి రాని దినాలకు కోసిన జీతం. విడమరిచి చెప్పగానే ఆమె చీటీని లాక్కుని మళ్లీ చూసింది. "రెండు దినాలా? ఆ నెల నేను ఒక్క దినమే కదా సార్ లీవు పెట్టింది!"

అప్పుడు తెరిచాం పుస్తకం. ఉత్తరం రాయడం నేర్పే భాగం తీశాం. పావుగంటలో మూడు వాక్యాలు తయారయ్యాయి. ఐ టుక్ లీవ్ ఫర్ వన్ డే. ద స్లిప్ షోస్ టూ డేస్. ప్లీజ్ చెక్ అండ్ కరెక్ట్ ఇట్. మొదటి దాంట్లో 'టేక్' ఎందుకు 'టుక్' అయిందో, రెండో దాంట్లో 'షో'కు చివర 'స్' ఎందుకు తగిలించాలో ఆ రోజు నేను బోర్డు మీద రాయలేదు. ఆమే అడిగింది, నేను చెప్పాను. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆ 'స్' గురించి నన్ను ఎవరైనా నిజంగా తెలుసుకోవాలని అడగడం అదే మొదటిసారేమో. తర్వాతి నెల చీటీలో ఆ ఒక్క దినం జీతం తిరిగొచ్చింది. ఆ అమ్మాయి అప్పుడే మానేసి ఉన్నా నాకు బాధుండేది కాదు.

బేతమంగళ దగ్గర టమాటా సాగు చేసే కుర్రాడొకడు పురుగుమందు సీసా తెచ్చాడు. సీసా మీద చతురస్రంలో త్రిభుజాల రంగు చూసి తీవ్రత చెప్పడం అతనికి తెలుసు. ఎరుపు అన్నిటికంటే ప్రమాదం, ఆ తర్వాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. రంగు చదవగలడు, పక్కనున్న అక్షరం చదవలేడు. లోపలి మడత కాగితంలో వెయిటింగ్ పీరియడ్ అని ఒక మాట ఉంటుంది, మందు కొట్టాక ఎన్ని రోజులకు కాయ కోయాలో చెప్పేది. కోలారు మార్కెట్టుకు రోజూ పదిహేను కిలోల బాక్సులు వేలకు వేలు పోతుంటాయి. వాటిలో ఎన్ని ఆ మాట చదివి కోసినవో దేవుడికెరుక. ఆ కాగితం మీదుండే ఇంగ్లీషు అంతా ఒకే రకం: కలపండి, కొట్టకండి, దూరంగా ఉంచండి. కర్త లేని వాక్యాలు. వ్యాకరణంలో అన్నిటికంటే సులువైన అధ్యాయం అది. మన పుస్తకాల్లో మాత్రం ఎక్కడో మధ్యలో కూర్చుని ఉంటుంది. నేను దాన్ని మొదటికి లాక్కొచ్చాను.

ఇలా కాగితాలతో, పనులతో భాష నేర్పడం నా సొంత తెలివి అని మీరనుకుంటే పొరపాటు. మనకు దగ్గర్లోనే, బెంగుళూరులో 1963లో పెట్టిన రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ ఉంది. దాని తోడ్పాటుతో 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు అనే ఆయన దక్షిణాది మామూలు బడుల్లో ఒక ప్రయోగం నడిపారు. ప్రపంచమంతా దాన్ని బెంగుళూరు ప్రాజెక్టు అంటుంది. వ్యాకరణ పాఠం లేదు. పిల్లల ముందు ఒక రైల్వే టైంటేబుల్ పెడతారు, లేదా ఒక పటం పెడతారు, ఒక ప్రశ్న అడుగుతారు. పిల్లవాడి బుర్రంతా ఆ చిక్కు విప్పడం మీద ఉంటుంది. ఇంగ్లీషు ఆ సందడిలో లోపలికి జారుకుంటుంది. దీని గురించి ఆయన 1987లో రాసిన పుస్తకాన్ని లండన్‌లోనూ టోక్యోలోనూ చదువుతారు. మన కోలారు జిల్లాలో ఎంతమంది టీచర్లు చూశారో నేను అడగదలచుకోలేదు. నేనే రిటైరయ్యాక చదివాను.

రైల్వే టైంటేబుల్ అంటే కె.జి.ఎఫ్.లో నవ్వుతారు. ఇక్కడ సగం ఊరి జాతకం అదే. మారికుప్పం, చాంపియన్, ఊర్గాం, కోరమండల్, బెమెల్ నగర్, బంగారపేట. 1894లో బంగారం గనుల కోసం వేసిన ఆ చిన్న లైను మీదే ఇవాళ తెల్లవారకముందే జనం బెంగుళూరు పనులకు ఎక్కుతారు. నేను టైంటేబుల్ ఇంగ్లీషు ప్రతి ముందు పెట్టి, "బెంగుళూరులో పది గంటలకు ఇంటర్వ్యూ. స్టేషన్ నుంచి గంట బస్సు ప్రయాణం. ఏ బండి? తప్పితే ఏది?" అని అడిగాను. వరండాలో పెద్ద గొడవ. ఒకడు బండి ఎప్పుడూ లేటేనన్నాడు, ఇంకొకామె అయితే ముందు బండి ఎక్కు అంది. అరైవల్, డిపార్చర్, ఎక్సెప్ట్ సండే, వయా అనే మాటలు ఆ గొడవలో ఎన్నిసార్లు దొర్లాయో లెక్కలేదు. ఎవరినీ వల్లె వేయమనలేదు.

అసలు కె.జి.ఎఫ్. తాతలు ఇంగ్లీషు నేర్చిందే ఇలాగ. చిత్తూరు నుంచి, ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చి, జాన్ టేలర్ కంపెనీ గనుల్లో దిగినవాళ్లు. షాఫ్ట్, కేజ్, లెవెల్, షిఫ్ట్, బ్లాస్టింగ్. చాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్ల లోతున ఆ మాటలు ఎవరూ పుస్తకంలో చూసి నేర్వలేదు. మాట తెలియకపోతే ప్రాణం మీదికొచ్చేది కనక నేర్చారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశాక ఆ ఇంగ్లీషూ షాఫ్టుతో పాటు మూతపడింది. మనవళ్లకు ఇంగ్లీషంటే ట్యూషన్ ఫీజు అయింది.

ఇక వ్యాకరణం. నా తోటి ఉపాధ్యాయులు కోప్పడినా సరే, చెప్పేస్తాను. కర్మణి వాక్యం గుర్తుపట్టడం వస్తే చాలు. 'ఎంట్రీ ఈజ్ ప్రొహిబిటెడ్' అని గోడ మీదుంటే ఆగిపోవాలి. రాముడు రావణుని చంపెను అనేదాన్ని రావణుడు రాముని చేత చంపబడెను అని తిప్పి రాసే అభ్యాసాలు పాతిక చేయించడం వాక్యాలకు శీర్షాసనం వేయించడమే. ఆ సమయం ప్రశ్నలు వేయడం మీద పెట్టండి. ఎప్పుడు, ఎంత, ఎందుకు, ఎవరిని అడగాలి. ప్రశ్న వేయడం వచ్చినవాడు పుస్తకం మూసేశాక కూడా నేర్చుకుంటూనే ఉంటాడు.

మన జిల్లాకే ప్రత్యేకమైన తిరకాసు ఒకటుంది. నాదే తీసుకోండి. ముళబాగిలు తాలూకా వాణ్ని. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కె.జి.ఎఫ్. బజారులో తమిళం, నేను చెప్పే పాఠం ఇంగ్లీషు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో తెలుగిళ్ల పిల్లలు చాలామంది తెలుగు గలగలా మాట్లాడతారు, తెలుగు అక్షరం చదవలేరు. వాళ్లకొచ్చింది కన్నడ లిపి. సరిహద్దు అవతలి నుంచి తెలుగు మీడియం గైడు కొనిచ్చి ఇంక ఫరవాలేదనుకునే అన్నలూ మామలూ ఉన్నారు. అది అటకెక్కుతుంది. వీళ్లకు వివరణ చెవి ద్వారా పోవాలి. కాబట్టి పాఠం ఎంచేటప్పుడు దానికి వినే భాగం ఉందా, ఫోనులో ఆడియో దొరుకుతుందా అని చూడండి. ఎన్.ఐ.ఒ.ఎస్.కు ముక్త విద్యా వాణి అని ఇంటర్నెట్ రేడియో ఉంది. బి.బి.సి. 1943లోనే రేడియోలో ఇంగ్లీషు పాఠాలు మొదలుపెట్టింది. రేడియోలో కూర్చుని రేడియోను పొగడటం బాగుండదు కానీ, కంపెనీ బస్సులో కిటికీ పక్కన నిద్రకూ మెలకువకూ నడుమ ఉన్న మనిషికి చెవిని మించిన బడి లేదు. నేను ప్రతి పాఠానికీ మా కోలారు తెలుగులో మూడు నిమిషాలు వివరణ చెప్పి వాట్సాప్‌లో పంపుతాను. తమిళం వాళ్లకు ఇంకొకరు చెబుతారు.

పరీక్ష సంగతి మరిచిపోయానని అనుకోకండి. ఇంట్లో రాసి పంపే అసైన్‌మెంటుకు నూటికి ఇరవై వంతు బరువు ఉంది. ఇటీవల పాఠాలను కూడా రెండుగా విడదీశారు, కొన్ని అసైన్‌మెంటుకు, కొన్ని పరీక్ష హాలుకు. చేరిన వెంటనే ఆ జాబితా తెచ్చుకుని పుస్తకంలో గుర్తులు పెట్టుకోండి. బరువైన పాఠం అసైన్‌మెంటు వైపు పడితే అదృష్టమే. అడుగుతూ, కొట్టేస్తూ, తీరిగ్గా రాసుకోవచ్చు. పరీక్ష వైపు పడినవాటికి నెలకు రెండు చొప్పున చాలు.

చదువు మధ్యలో ఆగిన మాట వచ్చినప్పుడల్లా మా వైపు పెద్దలు డి.వి.జి. పేరెత్తుతారు. మా ముళబాగిలులో పుట్టి, మెట్రిక్ గట్టెక్కకుండానే కన్నడానికి అంత పెద్ద కవి అయ్యాడు కదా అంటారు. నిజమే. కానీ పన్నెండు గంటల షిఫ్టు చేసొచ్చిన పిల్లను ఆయన పేరుతో అదిలించడం నాకు నచ్చదు.

చివరగా నేను ఓడిపోయిన సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఆ అమ్మాయి పుస్తకం అట్ట లోపల పెన్సిలుతో ఒక వరస రాసిచ్చాను. మొదట ఉత్తరం, తర్వాత నోటీసు, ప్రశ్నలు, టైంటేబుల్, ఆ పైన కథలు. రాతి పనివాడి గురించి 'ది లాస్ట్ స్టోన్ మేసన్' అనే పాఠం ఉంది పుస్తకంలో. మాలూరు తాలూకా శివారపట్నం శిల్పుల ఊరు కదా, ఆ వైపు పిల్లలకైతే దాన్ని ముందుకు జరుపుతాను. పద్యాలు అన్నిటికంటే చివర. హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు రాసిన 'ఇండియన్ వీవర్స్' కూడా అక్కడే, అట్టడుగున. పొద్దున పుట్టే బిడ్డకు, రాత్రికి పెళ్లికూతురికి, చలి వెన్నెట్లో చనిపోయినవాడికి బట్ట నేసేవాళ్ల పద్యం అది.

ఆమె జాబితా చూసి, "సార్, ఇది నాకొచ్చినదే కదా, దీన్ని యాల కింద పెట్టినారు?" అంది.

నాకు జవాబు తోచలేదు. మొదటిసారి ఆరు ఆదివారాల్లో ఆమెకు మిగిలిందేదైనా ఉంటే అదే. వాళ్లమ్మ కొన్నేళ్లు పట్టు తీసే పనికి పోయిందట, ఆ పద్యం అర్థం ఇంట్లో చెబితే పొయ్యి దగ్గర కూర్చుని వినిందట. ఈ సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఆమె నా చేతిలో పెన్సిలు తీసుకుని, అట్టడుగు నుంచి రెండో వరస దాకా ఒక బాణం గీసింది.

ఈ ఆదివారం పాఠం అదే.